కారుకూ తూములున్నాయి

పిల్లలూ! వానలో పోయే కారును మీరు చాలాసార్లు చూసే ఉంటారు. ముందరి అద్దం మీద పడిన నీరు కిందికి జారుతుంది. ఆ తరవాత అది ఎక్కడికి పోతుంది? ఎప్పుడైనా ఆలోచించారా?

అద్దం అడుగున, బానెట్టు చివర, కంతలు గల నల్లని పట్టీ ఒకటి ఉంటుంది. వైపర్లు అక్కడే అమర్చి ఉంటాయి. ఆ పట్టీ కింద ఒక చిన్న కాలువ దాగి ఉన్నది. అద్దం మీది నీరు అందులో పడి, పక్కల ఉండే రంధ్రాల గుండా నేల మీదికి కారిపోతుంది. కారు లోపలికి బయటి గాలి వెళ్ళే దారి కూడా సాధారణంగా అక్కడే ఉంటుంది.

నిజామాబాదు జిల్లా పిల్లలకు కాలువల సంగతి వేరే చెప్పనక్కరలేదు. 1931 లో మంజీర నది మీద నిజాంసాగరు పూర్తి అయింది. దాని కాలువలు పారినందువల్లనే బోధన్ చుట్టుపక్కల చెరకు విరివిగా పండింది. శక్కర్‌నగర్‌లో వెలిసిన నిజాం చక్కెర ఫాక్టరీ 2015 దాకా నడిచింది. అయితే కాలువను ఎంత బాగా తవ్వినా, పూడిక తీయకపోతే నీరు గట్టు దాటి పోతుంది. కారులోని బెత్తెడు కాలువకూ అంతే.

ఉగాదికి ముందు వేపచెట్టు ఆకు రాలుస్తుంది. దాని నీడన నిలిపిన కారు మీద ఆకులు పడి, కంతల్లోకి జారుతాయి. రోడ్డు మీది దుమ్మూ, చెరకు లారీల నుంచి ఎగిరిన ఎండుటాకు ముక్కలూ వాటికి తోడవుతాయి. ఎండలున్నంత కాలం ఏ బాధా లేదు. మిరుగం రాగానే ఆకులు నాని, దుమ్ముతో కలిసి ముద్దయి, రంధ్రానికి బిరడాలాగా బిగుసుకుంటాయి. అప్పుడు కాలువ నిండి, నీరు గాలిదారి వెంట లోపలికి దిగుతుంది. కాళ్ళ కింది తివాచీ తడిసి మురుగు వాసన వేస్తుంది. చాలా కార్లలో కరెంటు తీగలు ఆ తివాచీ కిందనే పోతాయి. వాటి అతుకులు చిలుము పడితే కారు మొరాయిస్తుంది.

ఇలాంటి తూములు తలుపుల అడుగు అంచున కూడా ఉన్నాయి. అవి పూడితే తలుపులో నీరు నిలిచి, రేకు లోపలి నుంచే తుప్పు పడుతుంది. పైకప్పుకు తెరిచే అద్దం ఉన్న కార్లలో, దాని మూలల నుంచి సన్నని గొట్టాలు నీటిని కిందికి దించుతాయి.

నీటి భయం ఇలాగుంటే, నిప్పు భయం ఇంకొకటి. పెట్రోలు కార్లలో పొగను శుభ్రపరిచే భాగం ఒకటి కారు అడుగున ఉంటుంది. అది కొన్ని వందల డిగ్రీల వరకు వేడెక్కుతుంది. ఎండుటాకు అంటుకోవటానికి ఆ వేడి చాలు. అందుచేత కోసిన చెరకుతోటలో, ఎండుటాకు మీద, ఇప్పుడే నడిచివచ్చిన కారును ఎన్నడూ నిలపరాదు. బానెట్టు కింద చేరిన ఆకులలో ఎలుకలు గూడు కట్టి, తీగలు కొరుకుతాయి కూడా.

మరి చేయవలసిందేమిటి? ఇంజను ఆపి, పూర్తిగా చల్లారిన తరవాత, పెద్దవాళ్ళ చేత బానెట్టు తెరిపించండి. పట్టీ మీదా, అంచులలోనూ ఉన్న ఆకులను చేత్తోనే ఏరివేయండి. మూలలకు పాత పళ్ళ బ్రష్షు బాగా పనికివస్తుంది. ఇనపతీగతో పొడవకండి, లోపలి గొట్టం ఊడిపోవచ్చు. నీటితో కొట్టి తోసినా ఆకులు ఇంకా లోతుకు పోతాయి.

ఇప్పుడు ఒక చిన్న పరీక్ష. చెంబుడు నీళ్ళు తీసుకుని, అద్దం అడుగున మెల్లగా పోయండి. ఒకరు పోస్తుంటే, మరొకరు వంగి ముందు చక్రాల వెనక చూడండి. నీరు ధారగా కిందికి వచ్చిందా, తూము బాగున్నట్టే. రాలేదా, పోయటం ఆపి, మెకానిక్కుకు చూపించమని నాన్నగారితో చెప్పండి.

రైతు నీళ్ళు రాకముందే కాలువ బాగుచేసుకుంటాడు. మీరూ మిరుగానికి ముందే ఒక పూట ఈ పని చేసిపెట్టండి.