కంటికి కానరాని కాపరి

రాయలసీమ నేల వానకై ఎదురుచూసే నేల. కర్నూలు, కడప ప్రాంతాల నల్లరేగడి భూములలో పత్తి, మినుము వంటి పైరులు, నీటివసతి గల చోట్ల చీనీ తోటలు రైతుకు ఆధారం. వాన మొగం చాటేసిన ఏటి మాట అటుంచి, పైరు ఏపుగా పెరిగిన ఏట కూడ అతనికి నిశ్చింత లేదు. ఆకు అడుగున చేరిన తెల్లదోమ పైరు రసాన్నే గాక రైతు ఆశను కూడ పీల్చివేస్తుంది.

తెల్లదోమ నిజానికి దోమ కాదు. మొక్కల రసం పీల్చి బ్రతికే చిన్న కీటకం. గుడ్డు నుండి వెలువడిన పిల్లపురుగు కొద్ది దూరం పాకి, ఆకు అడుగున అంటుకొని, రెక్కలు వచ్చేవరకు కదలక అక్కడే ఉండిపోతుంది. అది విసర్జించే తీయని జిగటపై మసివంటి బూజు పెరిగి, ఆకుకు వెలుతురు అందకుండ చేస్తుంది. మినుములో పల్లాకు తెగులు వైరస్‌ను మొక్క నుండి మొక్కకు చేరవేసేది కూడ ఈ పురుగే.

కదలలేని ఆ దశయే తెల్లదోమకు మృత్యుద్వారం. ఎన్‌కార్సియా అనే కందిరీగ పొడవు సాధారణంగా ఒక మిల్లీమీటరుకు మించదు. అది మనుషులను కుట్టదు. ఆడ కందిరీగ తన మీసాలతో పిల్లపురుగును తడిమి చూచి, అనువైనదని తెలిసికొన్న పిదప దాని శరీరంలో గుడ్డు పెడుతుంది. గుడ్డు నుండి పుట్టిన పిల్ల ఆ పురుగును లోపలి నుండి తిని పెరిగి, రెక్కలు వచ్చిన తరువాత పై గుల్లకు రంధ్రం చేసికొని వెలుపలికి వస్తుంది. ఎరెట్మోసెరస్ అనే మరొక కందిరీగ తన గుడ్డును పురుగుకు, ఆకుకు నడుమ ఉంచుతుంది. పిల్ల తానే తొలుచుకొని లోనికి పోతుంది. ఇట్లు ఆశ్రయమిచ్చిన పురుగును చంపి పెరిగే కీటకాలను వ్యవసాయ పరిభాషలో బదనికలు అంటారు.

బదనికల మేలును లోకం ఏనాడో గుర్తించింది. 1926లో ఇంగ్లండులోని టమాట గాజుగృహాలలో, తెల్లదోమ పిల్లపురుగులు కొన్ని నల్లబడి ఉండగా పరిశీలించి, వాటిలో ఎన్‌కార్సియాను కనుగొన్నారు. నిమ్మజాతి తోటలను పీడించే నల్లదోమ తెల్లదోమకు దాయాది. మెక్సికోలో అది విజృంభించగా, 1949–50 ప్రాంతంలో భారత ఉపఖండం నుండి బదనికలను కొనిపోయి అక్కడి తోటలలో విడిచి, ఆ పీడను చాలవరకు అదుపుచేశారు.

ఇందుకు విరుద్ధమైన అనుభవం మన రాష్ట్రానిది. 1980 దశకం నడుమ ఆంధ్రప్రదేశ్ పత్తిచేలలో తెల్లదోమ చెలరేగింది. పైరిథ్రాయిడ్ మందులను మితిమీరి చల్లడం అందుకొక ముఖ్యకారణం. మందుకు తట్టుకొన్న దోమ మిగిలింది. దానిని తినే బదనిక నశించింది. మందుల ఖర్చు పెరిగి, దిగుబడి తగ్గి, అప్పు రైతు నెత్తిన పడింది.

బదనిక ఒక్కటే తెల్లదోమను రూపుమాపదు. పసుపురంగు జిగురు అట్టలు, వేపనూనె, అవసరమైనంత మేరకే మందు – ఇవన్నీ కలిసివచ్చినప్పుడే పైరు నిలుస్తుంది. కనుక మందు చల్లబోయే ముందు రైతు ఆకును తిప్పి చూడాలి. దోమ బయటపడిన గుల్లపై ఇంగ్లీషు ‘టి’ అక్షరం వంటి చీలిక ఉంటుంది. బదనిక బయటపడిన గుల్లపై గుండ్రని రంధ్రం ఉంటుంది. సూదిమొనంత ఆ రంధ్రం భూతద్దంలో స్పష్టంగా కనబడుతుంది. అట్టి గుల్లలు అనేకం కనబడితే, జీతం అడగని కాపరి ఆ చేనిలో పనిచేస్తున్నట్లే.