ఇందిరాపురం వంటిళ్లలో లోటుపడుతున్న కొవ్వు

నోయిడాలో ఉద్యోగం, ఇందిరాపురంలో కాపురం. ఇలా గాజియాబాద్ జిల్లాలో స్థిరపడిన తెలుగువాళ్లు చింతపండు, ఎండుమిరప కారంతో పాటు నూనె అలవాటునూ వెంట తెచ్చుకున్నారు. కూరలకు పొద్దుతిరుగుడు నూనె లేదా వేరుసెనగ నూనె, పచ్చళ్లకు నువ్వుల నూనె. పక్కవాళ్లు ఆవనూనె కాచితే ఆ ఘాటు మనకు గిట్టదు. కానీ మన నూనెల్లో దాదాపు లేని పోషకం ఒకటి ఆ నూనెలో ఉంది.

కొవ్వు ఒంటికి శక్తినిచ్చే సరుకేనని, అన్నం, రొట్టె తింటే శరీరమే దాన్ని తయారుచేసుకుంటుందని ఒకప్పుడు శాస్త్రజ్ఞులు నమ్మేవారు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జార్జ్ బర్, మిల్డ్రెడ్ బర్ దంపతులు 1929లో ఆ నమ్మకాన్ని కదిలించారు. కొవ్వు బొత్తిగా లేని తిండి పెట్టిన ఎలుకలకు తోకలు పొలుసుబారాయి, ఎదుగుదల ఆగింది, మూత్రపిండాలు చెడ్డాయి. లినోలిక్ ఆమ్లం ఇస్తే కోలుకున్నాయి. వెన్న తీసిన పాలతో పెరిగిన పసిపిల్లల చర్మం ఎండి పొట్టు రేగడం తర్వాత వైద్యులు చూశారు.

కారణం మన శరీర నిర్మాణంలోనే ఉంది. కొవ్వు ఆమ్లమంటే కార్బన్ పరమాణువుల గొలుసు. అందులో తొమ్మిదో కార్బన్ దాటాక జంట బంధం వేసే ఎంజైములు మొక్కలకు ఉన్నాయి, మనిషికి లేవు. అందుకే రెండింటిని తిండి ద్వారానే తెచ్చుకోవాలి. ఒకటి ఒమేగా-6 కుటుంబపు లినోలిక్ ఆమ్లం, రెండోది ఒమేగా-3 కుటుంబపు ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం. చర్మంలోని నీరు ఆవిరైపోకుండా కాపాడేది మొదటిది. రెండోదాని నుంచి శరీరం కొద్ది మోతాదులో డీహెచ్ఏ తయారుచేసుకుంటుంది. మెదడుకూ కంటి రెటీనాకూ అది ముఖ్యమైన ముడిసరుకు. చిక్కేమిటంటే రెండు కుటుంబాలూ ఒకే ఎంజైము కోసం పోటీపడతాయి. ఒమేగా-6 పొంగిపొర్లుతుంటే ఒమేగా-3 వంతు తగ్గిపోతుంది.

ఇప్పుడు మన నూనెలు చూడండి. మామూలు పొద్దుతిరుగుడు నూనెలో దాదాపు 60 శాతం, నువ్వుల నూనెలో 40 శాతానికి పైగా, వేరుసెనగ నూనెలో సుమారు 30 శాతం లినోలిక్ ఆమ్లమే. ఒమేగా-3 మాత్రం నామమాత్రం. ఆవనూనెలో అది సుమారు 10 శాతం. ఒమేగా-6 విషమేమీ కాదు, అదీ అవసరమే. మన ఇళ్లలో దానికి కొరత లేదు, అంతే.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో గఫూరున్నీసా ఈ విషయం మీద ఏళ్ల తరబడి పరిశోధించారు. ఒకే నూనెను పట్టుకుని వేలాడకుండా కలిపి వాడమన్నది అక్కడి సలహా. నూనె సీసాలో కనిపించని కొవ్వునూ లెక్కలోకి తీసుకోవాలి. మినప్పప్పు, అలసందలు, మెంతులు, ఇక్కడ విరివిగా దొరికే రాజ్మా కూడా ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లాన్నిస్తాయి. గంగవాయిలి కూర అయితే ఈ విషయంలో ఆకుకూరల్లో మేటి. మన ఇడ్లీ, పప్పుకూరలు మనం అనుకున్నదానికన్నా మంచివి!

ఆవనూనె మీద రెండు అభ్యంతరాలున్నాయి, రెండూ న్యాయమైనవే. అందులోని ఎరూసిక్ ఆమ్లం ఎలుకల గుండెలో కొవ్వు పేరుకునేలా చేసింది. చాలా దేశాలు దానికి పరిమితి పెట్టాయి. ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ ఎరూసిక్ ఆమ్లం బాగా తక్కువుండే ఆవ రకాలను తయారుచేసింది. రెండోది కల్తీ. 1998లో బ్రహ్మదండి గింజల నూనె కలిసిన ఆవనూనె తిని ఢిల్లీలో 60 మందికి పైగా చనిపోయారు. కాబట్టి విడినూనె వద్దు, సీలు వేసిన ప్యాకెట్టే కొనాలి. వంటంతా దాంతోనే కాకుండా వేరుసెనగ నూనెతో వంతులు వేసుకుంటే చాలు.

ఆ వాసన అసలే పడనివాళ్లకు అవిసె గింజలున్నాయి. ఒక పెద్ద చెంచా పొడిలో ఒకటిన్నర గ్రాములకు పైగా ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం ఉంటుంది, పెద్దవాళ్లకు రోజుకు ఇంచుమించు సరిపోతుంది. గింజలను అలాగే మింగితే అరగకుండా పోతాయి. దోరగా వేయించి, ఎండుమిరప, వెల్లుల్లి వేసి కారప్పొడి కొట్టుకోండి. త్వరగా ముక్కవాసన వస్తుంది గనక కొంచెం కొంచెంగానే చేసుకోవాలి. చేపలు తినేవాళ్లకు దగ్గర్లోనే గాజీపూర్ మార్కెట్ ఉంది. మన కొల్లేటి ప్రాంతపు శీలావతి, బొచ్చె ఉత్తరాది రాష్ట్రాలకూ ఎగుమతవుతాయి. కానీ డీహెచ్ఏ నేరుగా దండిగా ఉండేది కవళ్లు, కానాగంతల వంటి సముద్రపు చేపల్లో.

ఇక చేపనూనె మాత్రలు. దాదాపు 26 వేల మందిపై అమెరికాలో జరిగి 2018లో వెలువడిన వైటల్ పరీక్షలో, రోజుకు ఒక గ్రాము ఒమేగా-3 వేసుకున్నా గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి చూస్తే చెప్పుకోదగ్గంత తగ్గలేదు. ఆరోగ్యవంతులు వాటి మీద డబ్బు పోయడం దండగని నా అభిప్రాయం. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా వాటి జోలికి పోవద్దు. ఆ డబ్బుతో ఈ నెల సరుకుల్లో పావుకిలో అవిసె గింజలు, అర లీటరు ఆవనూనె రాయించండి.