కజిన్ అంటే ఎవరు?

మొన్న వేసవి సెలవుల్లో మా పెద్దమ్మ కూతురు అమెరికా నుంచి వచ్చింది. పుట్టింది, పెరిగింది అంతా డాలస్‌లోనే. తెలుగు బాగానే అర్థమవుతుంది కానీ మాట్లాడాలంటే తడబడుతుంది. తెనాలి దగ్గర అమ్మమ్మ వాళ్ల ఊళ్లో పది రోజులున్నాం. రెండో రోజు సాయంత్రం అరుగు మీద అందరూ చేరినప్పుడు, అక్క మా మామయ్య కొడుకుని చూపించి "ఇతను నా బ్రదర్" అంది. అంతే, అందరూ గొల్లున నవ్వారు. "బావని పట్టుకుని అన్నయ్య అంటావేంటే!" అంది అమ్మమ్మ.

అక్క కూడా నవ్వేసింది గానీ, రాత్రి డాబా మీద పడుకున్నప్పుడు మొహం చిన్నబుచ్చుకుని అడిగింది. "నువ్వూ నా కజినే, అతనూ నా కజినే. నిన్ను తమ్ముడంటే నవ్వరు కదా, అతన్ని అన్నయ్య అంటే ఎందుకు నవ్వారు?" రోజూ వాడే మాటలే అయినా నాకు వెంటనే జవాబు తోచలేదు. తర్వాత కూర్చుని ఆలోచిస్తే తేలిన లెక్క ఇది.

మన ఎక్సార్ గేట్ గుర్తుందా? ఇన్‌పుట్లు రెండూ ఒకటైతే సున్నా, వేరైతే ఒకటి. అమ్మ, అమ్మ అక్కచెల్లెళ్లు ఆడవాళ్లే కాబట్టి సున్నా. వాళ్లూ అమ్మలే: పెద్దమ్మ, చిన్నమ్మ. నాన్న అన్నదమ్ములూ అంతే: పెదనాన్న, చిన్నాన్న. వాళ్ల పిల్లలు మనకి అన్నలు, అక్కలు, తమ్ముళ్లు, చెల్లెళ్లు. అమ్మకి అన్నదమ్ముడు, నాన్నకి అక్కచెల్లెలు అయితే ఒకటి. వాళ్లు మామయ్య, అత్తయ్య. వాళ్ల పిల్లలు బావ, వదిన, మరిది, మరదలు.

ఇందులో ఇంకో అందం ఉంది. మామయ్య భార్య అత్తయ్య, అత్తయ్య భర్త మామయ్య. భర్త తల్లిదండ్రులు కూడా అత్తామామలే. ఎందుకంటే ఈ మాటలు మేనరికం చుట్టూ అల్లుకున్నవి. 1955 నాటి హిందూ వివాహ చట్టం అన్నాచెల్లెళ్ల పిల్లల మధ్య పెళ్లిని నిషేధించినా, ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇచ్చింది. లూయిస్ హెన్రీ మోర్గన్ అనే అమెరికన్ 1871లో వేసిన పుస్తకంలో తమిళ, తెలుగు, కన్నడ చుట్టరికాల పట్టికలున్నాయి. తమ దేశపు సెనెకా తెగవాళ్ల పిలుపులు వీటికి దగ్గరగా ఉన్నాయని ఆయన ఆశ్చర్యపోయాడు.

అయితే జన్యువుల లెక్కలో నేనూ, బావా అక్కకి ఒకటే. ఇద్దరితోనూ సగటున 1/8 వంతు పంచుకుంటుంది. అంటే తన ప్రశ్న కరెక్టే! తేడా రక్తంలో లేదు, పిలుపులో ఉంది. డాక్టర్లు మేనరికాలు వద్దంటున్నారు, పెళ్లిళ్లూ తగ్గుతున్నాయి. పిలుపులు మాత్రం మిగిలాయి.

పిలుపుతో పాటు బాధ్యత కూడా ఉంటుంది. చెవులు కుట్టేటప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకునేది మేనమామ. పెళ్లికూతుర్ని బుట్టలో మోసుకొచ్చేదీ ఆయనే. అక్కకి రెండేళ్లప్పుడు చెవులు కుట్టించిన ఫోటో అమ్మమ్మ బీరువాలో దొరికింది. ఏడుస్తున్న పిల్లని గట్టిగా పట్టుకుని, తనూ ఏడుపు మొహం పెట్టుకున్నాడు మామయ్య. వచ్చిన దగ్గర్నుంచి అక్క ఆయన్ని "అంకుల్" అంటోంది. ఆయన పలుకుతూనే ఉన్నాడు.

వెళ్లే రోజు కారెక్కుతూ "వెళ్లొస్తాను మామయ్యా" అంది. ఆయన ఏమీ అనలేదు. బిగించి ఉన్న ఆవకాయ సీసా మూతనే మళ్లీ బిగించాడు.

హాస్టల్‌కి వచ్చి ఫోన్ చూసుకుంటే, నా కాంటాక్ట్స్‌లో పదకొండు మంది "కజిన్" అని ఉన్నారు. మార్చడానికి పది నిమిషాలు పట్టింది. మీరూ ఓసారి చూడండి.