శాసనసభ లేని చోట ఎమ్మెల్యే

అండమాన్ ఓటర్లు మనోరంజన్ భక్తను ఎనిమిదిసార్లు లోక్‌సభకు పంపారు. అన్ని గెలుపులూ దీవులకు ఒక అసెంబ్లీని మాత్రం తెచ్చిపెట్టలేకపోయాయి

శ్రీకాకుళం జిల్లాలోని ఏ పల్లెలోనైనా తాగునీటి గొట్టం పగిలి నెల రోజులైనా ఎవరూ పట్టించుకోకపోతే జనం వెళ్లేది ఎమ్మెల్యే ఇంటికే. పని జరుగుతుందా లేదా అన్నది తర్వాతి సంగతి. అడగడానికి ఒక మనిషి, తిట్టుకోవడానికి ఒక పేరు, అయిదేళ్లకోసారి దించేయడానికి ఒక అవకాశం ఉంటాయి. అదే పల్లె నుంచి బతుకుతెరువు కోసం సముద్రం దాటి షాదీపూర్‌లో స్థిరపడిన కుటుంబానికి ఆ సదుపాయం లేదు. అండమాన్ రాజధానిలో జనం కిక్కిరిసిన ఈ పేటలో ఓటరు మునిసిపల్ వార్డుకు ఓటేస్తాడు, లోక్‌సభకు ఓటేస్తాడు. ఆ రెంటికీ మధ్య ఉండాల్సిన శాసనసభ అక్కడ లేదు. ఎప్పుడూ లేదు.

అందుకే అండమాన్, నికోబార్ దీవుల్లో ఎంపీ అంటే ఢిల్లీలో ఉండే పెద్దమనిషి మాత్రమే కాదు. ఓడ టికెట్లు దొరక్కపోయినా, బడికి టీచర్ రాకపోయినా, ఇంటి స్థలానికి పట్టా అందకపోయినా జనం చూసేది ఆయన వైపే. ఈ ఎంపీ ఉద్యోగాన్ని ఎమ్మెల్యే ఉద్యోగంలా అందరికంటే ఎక్కువ కాలం చేసిన వ్యక్తి మనోరంజన్ భక్త. 1977 నుంచి 1998 దాకా వరుసగా ఏడుసార్లు, మళ్లీ 2004లో ఒకసారి, మొత్తం ఎనిమిదిసార్లు ఆయన ఇక్కడి నుంచి లోక్‌సభకు గెలిచారు. 2015లో కన్నుమూశారు. ఆయన ఎన్నికల చరిత్ర చదివితే దీవుల రాజకీయ చరిత్ర సగం చదివినట్టే.

నియామకం నుంచి ఓటు దాకా

ఓటు అనేది దీవులకు ఆలస్యంగా వచ్చింది. 1858లో బ్రిటిష్‌వారు ఇక్కడ ఖైదీల వలస ఏర్పాటు చేశారు. శిక్షాకాలంలో కొంత భాగం గడిచాక మంచి నడవడిక ఉన్న ఖైదీలను పెళ్లి చేసుకుని, భూమి దున్నుకుని బతకనిచ్చేవారు. షాదీపూర్ అంటే అక్షరాలా పెళ్లి ఊరు. పేరు వింటేనే ఆ రోజులు గుర్తొస్తాయి. రంప తిరుగుబాటులో పట్టుబడిన మన్యం మనుషులను తెచ్చిపడేసింది కూడా ఈ దీవుల్లోనే.

స్వాతంత్ర్యం వచ్చాక 1956 నవంబరు 1న ఇది కేంద్రపాలిత ప్రాంతమైంది. దేశమంతా 1952లోనే ఓటు వేసినా దీవుల ప్రతినిధిని మాత్రం రాష్ట్రపతే నియమించారు. అలా లోక్‌సభలో అడుగుపెట్టిన మొదటి వ్యక్తి నికోబార్ క్రైస్తవ మతగురువు బిషప్ జాన్ రిచర్డ్‌సన్. జనం స్వయంగా ఎంపీని ఎన్నుకోవడానికి 1967 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పుడు గెలిచిన కాంగ్రెస్ నాయకుడు కె.ఆర్. గణేశ్ 1971లోనూ గెలిచి, ఇందిరాగాంధీ ప్రభుత్వంలో ఆర్థిక శాఖ సహాయమంత్రి అయ్యారు. 1977 ఎన్నికల ముందు జగ్జీవన్ రామ్‌తో పాటు ఆయన కాంగ్రెస్‌ను వీడారు. ఆయన ఖాళీ చేసిన చోటులోకి వచ్చారు భక్త.

గాలికి ఎదురు

భక్త 1939లో అప్పటి తూర్పు బెంగాల్లో పుట్టారు. దేశ విభజన తర్వాత అక్కడి నుంచి వచ్చిన శరణార్థి కుటుంబాలకు 1949 నుంచి దీవుల్లో భూములిచ్చి స్థిరనివాసం కల్పించారు. అడవి కొట్టి పొలం చేసుకున్న ఆ బెంగాలీ రైతులే తర్వాత దీవుల్లో అతిపెద్ద భాషా సమూహమయ్యారు. భక్త రాజకీయానికి అదే పునాది.

ఆయన తొలి గెలుపు విచిత్రమైన ఏడాదిలో వచ్చింది. ఎమర్జెన్సీ మీద కోపంతో ఉత్తరాది 1977లో కాంగ్రెస్‌ను ఊడ్చేసింది. ఆంధ్రప్రదేశ్ మాత్రం 42 స్థానాల్లో 41 ఆ పార్టీకే కట్టబెట్టింది. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా తరఫున గట్టెక్కారు. దీవులు ఆ ఏడాది ఉత్తరాది బాట పట్టలేదు, తెలుగు తీరంలాగే కాంగ్రెస్‌కు ఓటేశాయి. తర్వాత ఇందిర తిరిగి వచ్చిన 1980లో, ఆమె హత్యానంతరం జరిగిన 1984లో, కాంగ్రెస్ ఢిల్లీలో ఓడిన 1989లో, రాజీవ్ లేని 1991లో, పార్టీ కుప్పకూలిన 1996లో, వాజ్‌పేయి ప్రధాని అయిన 1998లో కూడా ఇక్కడ భక్తే గెలిచారు. దేశంలో గాలి ఎటు వీచినా దీవుల్లో లెక్క మారలేదు.

ఒకే సీటున్న దీవులకు ఇలాంటి దీర్ఘకాల ప్రతినిధులు కొత్తకాదు. అరేబియా సముద్రంలోని లక్షద్వీప్ నుంచి పి.ఎం. సయీద్ 1967 మొదలుకొని వరుసగా పదిసార్లు గెలిచారు. పదకొండోసారి, 2004లో, కేవలం 71 ఓట్ల తేడాతో ఓడిపోయారు. చిన్న నియోజకవర్గంలో నాయకుడు ఓటరును పేరు పెట్టి పిలవగలడు. ఓటరు కూడా నాయకుడి తప్పుల్ని పేరుపేరునా గుర్తుపెట్టుకోగలడు.

భక్తకు ఆ సంగతి 1999లో తెలిసివచ్చింది. కార్గిల్ యుద్ధం తర్వాత జరిగిన ఆ ఎన్నికల్లో బీజేపీ అభ్యర్థి బిష్ణు పద రే ఆయన్ను ఓడించారు. దీవుల్లో కమలం వికసించడం అదే మొదటిసారి. అయితే 2004లో వాజ్‌పేయి ప్రభుత్వంతో పాటు రే కూడా ఓడిపోయారు. భక్త 30 వేలకు పైగా ఆధిక్యంతో తిరిగొచ్చారు. 65 ఏళ్ల వయసులో దక్కిన ఆ ఎనిమిదో గెలుపే ఆయనకు ఆఖరిది.

గెలిచిన కొన్ని నెలలకే, 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. నికోబార్ గ్రామాలు తుడిచిపెట్టుకుపోయాయి, వేలాదిమంది చనిపోవడమో గల్లంతు కావడమో జరిగింది. దీవుల పాలన ఎలాంటిదో దేశానికి బాగా తెలిసింది ఆ రోజుల్లోనే. సహాయ కార్యక్రమాల పగ్గాలన్నీ కేంద్రం నియమించిన లెఫ్టినెంట్ గవర్నర్, అధికారులు, సైన్యం చేతుల్లో ఉన్నాయి. ఏ ఊరికి ఎన్ని ఇళ్లు కట్టాలి, ఎక్కడ కట్టాలి, నష్టపరిహారం ఎంత అన్న ప్రశ్నలను చర్చించడానికి స్థానికంగా ఒక సభ లేదు. ఒక్క ఎంపీ ఉన్నారు, ఆయన మాట్లాడాల్సింది ఢిల్లీలో.

లెక్క తేల్చే తెలుగు ఓటు

2009లో కాంగ్రెస్ అభ్యర్థిగా భక్త స్థానంలో కుల్‌దీప్ రాయ్ శర్మ వచ్చారు. అప్పటి నుంచి పోటీ హోరాహోరీగా మారింది. ఆ ఏడాది బిష్ణు పద రే 2,990 ఓట్లతో గెలిచారు. 2014లో, మోదీ హవా ఉన్నప్పటికీ, ఆయన ఆధిక్యం 7,812 మాత్రమే. 2019లో బీజేపీ రేను పక్కనపెట్టి విశాల్ జోలీని నిలబెట్టింది. శర్మ 1,407 ఓట్లతో గట్టెక్కారు. 2024లో మళ్లీ టికెట్ దక్కిన రే ఈసారి 24,396 ఓట్ల తేడాతో శర్మను ఓడించి నాలుగోసారి ఎంపీ అయ్యారు.

ఈ అంకెల పక్కన ఇంకో అంకె పెట్టి చూడాలి. 2011 జనగణన ప్రకారం దీవుల జనాభా 3.8 లక్షలు. అందులో బెంగాలీలు 28 శాతం, హిందీ మాట్లాడేవారు 19 శాతం, తమిళులు 15 శాతం, తెలుగువారు 13 శాతం. అంటే సుమారు 50 వేలమందికి తెలుగే మాతృభాష. వీరిలో ఎక్కువమంది ఉత్తరాంధ్ర తీరం నుంచి చేపల వేటకు, ఓడరేవు పనులకు, రోడ్ల పనులకు వచ్చినవారు, వారి పిల్లలు. జంగ్లీఘాట్ చేపల రేవులో తెలుగు మాట వినపడకుండా పొద్దు గడవదు. ఏ ఒక్క భాషకూ ఆధిక్యం లేనిచోట, మూడు వేలతోనో పదిహేను వందలతోనో ఫలితం తేలినప్పుడు ఈ ఓట్లకు ఉండే విలువను ఏ అభ్యర్థికీ విడమరచి చెప్పనక్కర్లేదు.

అయినా 1967 నుంచి ఇప్పటిదాకా దీవుల ఏకైక సీటు తెలుగువారికి దక్కలేదు. సీటు ఒక్కటే అయితే అది పెద్ద సమూహానికో, అందరినీ కలుపుకోగలిగిన వ్యక్తికో పోతుంది. ముప్ఫయి స్థానాల సభ ఉంటే పరిస్థితి వేరుగా ఉండేది. ఎందుకంటే వార్డుల స్థాయిలో తెలుగు రాజకీయం ఎప్పుడో మొదలైంది. 2022 పోర్ట్ బ్లెయిర్ మునిసిపల్ ఎన్నికల్లో 24 వార్డుల్లో రెండు తెలుగుదేశం గెలుచుకుంది. కాంగ్రెస్, బీజేపీల బలం దాదాపు సమానంగా ఉండటంతో ఆ రెండూ కీలకమయ్యాయి. 2023 మార్చిలో బీజేపీ మద్దతుతో తెలుగుదేశం కౌన్సిలర్ ఎస్. సెల్వి ఛైర్‌పర్సన్ అయ్యారు. బంగాళాఖాతానికి అవతల, విశాఖ నుంచి ఓడలో రెండు మూడు రోజులు ప్రయాణిస్తే వచ్చే ఊళ్లో ఎన్టీఆర్ పెట్టిన పార్టీకి మునిసిపల్ పీఠం దక్కింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ రెండు పార్టీలూ మళ్లీ చేతులు కలపడానికి ఏడాది ముందు సంగతి ఇది.

అడిగినా రానిది

దీవులకు శాసనసభ కావాలన్నది పాత డిమాండే. భక్త కూడా దాన్ని పదేపదే వినిపించారు. దక్కినవి మాత్రం వేరే. చీఫ్ కమిషనర్ స్థానంలో 1982లో లెఫ్టినెంట్ గవర్నర్ వచ్చారు. సలహాలివ్వడం తప్ప అధికారం లేని ప్రదేశ్ కౌన్సిల్ వచ్చింది. 1986లో రాజీవ్ గాంధీ హయాంలో ద్వీపాల అభివృద్ధి సంస్థ ఏర్పడింది. 1990లలో మూడంచెల పంచాయతీరాజ్ వచ్చింది. వీటిలో ఏదీ చట్టం చేయలేదు, ఏదీ అధికారిని నిలదీసి దించలేదు.

జనాభా తక్కువ అనేది తరచూ వినిపించే సమాధానం. 2024లో ఇక్కడి ఓటర్లు 3.15 లక్షలు. భీమిలి, గాజువాక లాంటి పెద్ద అసెంబ్లీ నియోజకవర్గంలో ఉండేంతమందే. కానీ 1975లో భారత్‌లో కలిసేనాటికి సిక్కిం జనాభా రెండు లక్షల పైచిలుకు మాత్రమే. అక్కడ 32 స్థానాల సభ ఉంది. పుదుచ్చేరికి 1963 చట్టంతోనే అసెంబ్లీ వచ్చింది. పైగా భీమిలి ఓటరు ఎమ్మెల్యేను కలవడానికి బస్సెక్కితే చాలు. గ్రేట్ నికోబార్‌లోని కాంప్‌బెల్ బే నుంచి రాజధాని 500 కిలోమీటర్లకు పైగా దూరం, అదీ సముద్రం మీద.

రెండో సమాధానం రక్షణ. మలక్కా జలసంధి ముఖద్వారంలో ఉన్న దీవులివి. త్రివిధ దళాల ఉమ్మడి కమాండ్ 2001లో ఇక్కడే మొదలైంది. మూడో సమాధానాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. దీవుల్లో మొదటి నుంచి ఉన్నవారు ఆదివాసులు. నికోబారీలను మినహాయిస్తే మిగతా తెగల సంఖ్య వందల్లోనే. షోంపెన్లలో ఏడుగురు 2024లో ఓటేయడమే వార్తయింది. సభ అంటూ వస్తే అందులో మెజారిటీ వలస వచ్చినవారిదే అవుతుంది. భూమి, అడవి ఎవరివన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆ సభ జరావాల వైపు నిలబడుతుందా అన్న అనుమానానికి ఆధారం లేకపోలేదు.

అయితే సభ లేకపోవడం ఆదివాసులను కాపాడిందా అంటే అదీ అనుమానమే. గ్రేట్ నికోబార్‌లో భారీ ఓడరేవు, విమానాశ్రయం, పట్టణం కోసం 130 చదరపు కిలోమీటర్ల అడవిని మళ్లించే పథకానికి 2022 నవంబరులో పర్యావరణ అనుమతి వచ్చింది. అంతకుముందు ఇచ్చిన అంగీకారాన్ని అక్కడి ఆదివాసీ మండలి అదే నెలలో ఉపసంహరించుకుంది. నిర్ణయం మాత్రం ఆగలేదు. ఇంత పెద్ద పథకం మీద ఓటేసి అవుననో కాదనో చెప్పే స్థానిక సభ ఏదీ లేదు.

రాజధాని పేరు విషయంలోనూ అంతే. 2024 సెప్టెంబరులో కేంద్ర హోంమంత్రి ప్రకటనతో పోర్ట్ బ్లెయిర్ శ్రీవిజయపురం అయింది. పేరు బాగుందని సంతోషించినవారూ ఉన్నారు, పాత పేరే బాగుందనుకున్నవారూ ఉన్నారు. వాళ్లను ముందుగా అడగాల్సిన అవసరం మాత్రం చట్టప్రకారం ఎవరికీ లేకపోయింది.

మూడు దశాబ్దాల రాజకీయంలో భక్త దీవులకు ఒక గొంతు కాగలిగారు. ఆయన తర్వాత రే, శర్మ కూడా అదే పాత్ర పోషించారు. పార్టీలు మారాయి, ఆధిక్యాలు పెరిగాయి, తరిగాయి. మారనిది ఒక్కటే. లోక్‌సభలోని 543 మందిలో ఒక్కరుగా కూర్చునే ఎంపీ ఎమ్మెల్యే పని చేయడానికి ప్రయత్నించగలరు, కానీ ఎమ్మెల్యేకు ఉండే సభను సృష్టించుకోలేరు. ఆ సభ వచ్చేదాకా షాదీపూర్‌లో పగిలిన గొట్టం గురించి వార్డు కౌన్సిలర్‌నైనా అడగాలి, ఢిల్లీకైనా చెప్పుకోవాలి.