రైలుకే కుస్తీ పట్టు!

రోల్ ప్లేయింగ్ గేముల్లో హీరో బలమంతా అంకెల్లోనే ఉంటుంది. మెనూలో దెబ్బ పేరు ఎంచుకుంటే చాలు, మిగతాది అతడే చూసుకుంటాడు. ముప్ఫై ఏళ్ల కిందట వచ్చిన ఓ జపాన్ గేమ్ మాత్రం ‘ముందు నువ్వు నేర్చుకో’ అంది!

దూసుకొస్తోంది ఓ రైలు. మామూలుది కాదు, చనిపోయినవాళ్లను పరలోకానికి మోసుకెళ్లే దెయ్యాల రైలు. దాని ముందు పట్టాల మీద పరుగెడుతున్న ఓ కండల వీరుడు ఉన్నట్టుండి వెనక్కి తిరిగి, ఇంజిన్‌ను పట్టుకుని గాల్లోకి లేపి, తలకిందులుగా నేలకేసి కొట్టాడు!

‘ఫైనల్ ఫాంటసీ 6’ ఆడినవాళ్లు కథ మర్చిపోతారేమో కానీ, ఈ దెబ్బను మర్చిపోరు. 1994 నాటి ఇంగ్లిష్ అనువాదంలో దాని పేరు సప్లెక్స్. అచ్చంగా కుస్తీ పట్టే. ప్రత్యర్థి నడుం పట్టి ఎత్తి, తాను వెనక్కి వంగి, అవతలివాణ్ని వీపు మీదుగా పడేయడం. కోడి రామమూర్తి నాయుడు ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్న కథలు వింటూ పెరిగినవాళ్లం కదా... మనకు ఇది మరీ అంత వింతేం కాదు!

వేళ్లకు పాఠం

జపాన్ కంపెనీ స్క్వేర్ 1994 ఏప్రిల్‌లో సూపర్ ఫామికామ్ మీద ఈ గేమ్‌ను విడుదల చేసింది. రైలును ఎత్తిన వీరుడి పేరు సాబిన్. పుట్టుకతో రాజకుమారుడు. సింహాసనాన్ని కవల సోదరుడు ఎడ్గర్‌కు వదిలేసి, డంకన్ అనే గురువు దగ్గర యుద్ధవిద్య నేర్చుకుంటాడు. ఆ విద్య పేరు బ్లిట్జ్. అందులో మొత్తం ఎనిమిది దెబ్బలు.

అసలు తమాషా వాటిని వాడటంలోనే ఉంది. వంతులవారీగా ఆదేశాలిచ్చే ఆటలో, బ్లిట్జ్ దగ్గరికొచ్చేసరికి ఆడేవాళ్లే బటన్లతో విద్య ప్రదర్శించాలి. మొదటి దెబ్బకు ఎడమ, కుడి, ఎడమ. చేతుల్లోంచి కాంతిని విసిరే ఆరా బోల్ట్‌కు కింద, ఏటవాలుగా ఎడమకు, ఆపైన ఎడమ. ఇదెక్కడో చూసినట్టుందా? 1991లో వచ్చి వీడియో గేమ్ పార్లర్లను ఊపేసిన ‘స్ట్రీట్ ఫైటర్ 2’లోని హడోకెన్ కదలికే ఇది. సాబిన్ నిలబడేది ఎడమవైపు చూస్తూ కాబట్టి, అతనికి ఎడమంటే ముందుకే!

పొరపాటున ఒక్క బటన్ తప్పు నొక్కారో, ఆ వంతు గోవిందా. పైగా ఇది ఇష్టముంటే నేర్చుకునే ముచ్చట కూడా కాదు. కొండ మీద గురుపుత్రుడు వర్గాస్ ఎదురవుతాడు. తన తండ్రి వారసత్వం సాబిన్‌కు దక్కుతుందని కుళ్లు. ఆ పోరు ముగియాలంటే ‘ఎడమ, కుడి, ఎడమ’ చేసి చూపించాల్సిందే. కొత్తవాళ్లు బోల్తాపడేదీ ఇక్కడే. మెనూలో బ్లిట్జ్ ఎంచుకున్నాకే బటన్లు నొక్కాలి, చివర్లో ఖాయం చేయాలి. వరస తప్పితే ఎంత ఆవేశంగా నొక్కినా సాబిన్ కదలడు. తాలీంలో కొత్తగా చేరిన కుర్రాడి అవస్థే!

ఆఖరి దెబ్బ బమ్ రష్. ఎడమ నుంచి మొదలై చుట్టూ తిరిగి మళ్లీ ఎడమకే రావాలి. దీన్ని నేర్పేది, చనిపోయాడనుకున్న గురువే. శిలువ ఆకారంలో నిలిచిన ఐదు చెట్ల దగ్గర వెతికితే దొరుకుతాడు. వెతికే ఓపిక లేకపోతే 70వ లెవల్ దాకా ఆగాలి.

తిప్పకపోతే ఊరుకుంటారా?

2022లో ఈ గేమ్ ‘పిక్సెల్ రీమాస్టర్’గా కంప్యూటర్లకూ ఫోన్లకూ వచ్చింది. భానూర్‌లో డ్యూటీ దిగి బస్సెక్కిన కుర్రాడు పటాన్‌చెరు చేరేలోపు సాబిన్‌తో ఓ పోరు ముగించేయొచ్చు. కదలికల్ని గుర్తుపెట్టుకునే బాధ కూడా లేదు, పోరు మధ్యలోనే తెర మీద కనిపిస్తాయి. కొత్తవాళ్లకు సుఖమే. కానీ చీటీ చూసి రాసిన పరీక్షలా కాస్త చప్పగా ఉంటుంది.

నిజానికి ఆ రైలును గెలవడానికి కుస్తీ అక్కర్లేదు. అది చచ్చినవాళ్ల లెక్కలోకి వస్తుంది కాబట్టి, ప్రాణం పోసే ఫీనిక్స్ డౌన్ ఒక్కటి వాడితే అక్కడికక్కడే ఖతం. అయినా అభిమానులకు కావాల్సింది గెలుపొక్కటే కాదని ఆ ఏడాదే తేలిపోయింది. కొత్త రూపంలో సాబిన్ రైలును ఎత్తుతున్నాడు, పడేస్తున్నాడు... కానీ అది తలకిందులు కావడం లేదు! దెబ్బకు నష్టమేం తగ్గలేదు, అంకెల్లో తేడా రాలేదు. ఐనా అభిమానులు ఊరుకోలేదు, గోల చేశారు. తర్వాతి అప్‌డేట్‌లో రైలు మళ్లీ తిరగబడింది.