సూక్ష్మజీవుల యిచ్చిపుచ్చుకోళ్లు

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట జపాను దేశమున రక్తవిరేచనముల వ్యాధి మిక్కుటముగా వ్యాపించెను. షిగెల్లా యను సూక్ష్మజీవి యీ వ్యాధికి కారణము. 1897లో దీనిని కనుగొన్న కియోషి షిగా యను జపాను శాస్త్రజ్ఞుని పేరే దీనికి వచ్చినది.

తొలుత సల్ఫా మందులు ఈ వ్యాధిని చక్కగా కుదిర్చినవి. కాని కొలది యేండ్లలోనే ఆ మందులకు లొంగని షిగెల్లాలు బయలుదేరెను. అంతట వైద్యులు స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్, టెట్రాసైక్లిన్ అను క్రొత్త మందులను వాడసాగిరి. టెట్రాసైక్లిన్ వర్గమున మొట్టమొదటిది ఆరియోమైసిన్. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనలకు అధిపతిగా నున్న అమెరికాలోని లెడర్లీ సంస్థయే 1948లో దానిని లోకమునకు అందించినది.

ఈ మందులు వచ్చిన తరువాత వ్యాధి పీడ విరగడయగునని అందరును తలచిరి. కాని 1955 ప్రాంతమున ఒక వింత కనబడెను. కొందరు రోగుల శరీరములోని షిగెల్లాలు పైనాలుగు మందులకును ఒక్కుమ్మడి లొంగకుండెను. సూక్ష్మజీవుల జన్యువులలో అప్పుడప్పుడు మార్పులు కలుగుట సహజమే. కోట్లకొలది జీవులలో ఏ యొక్కదానికో ఒక మందును ఎదుర్కొను శక్తి యిట్లు అబ్బవచ్చును. కాని నాలుగు మార్పులు ఒకే జీవియందు ఒకేసారి కలుగుట దాదాపు అసంభవము. అదియునుగాక, ఒక్క మందును మాత్రమే పుచ్చుకొన్న రోగులలో సైతము నాలుగింటికిని లొంగని షిగెల్లాలు కానవచ్చెను. ఎన్నడును ఎదుర్కొనని శత్రువును గెలుచు విద్య వానికి ఎట్లు అబ్బినది?

మానవుని ప్రేగులలో ఈ. కోలి యను మరియొక సూక్ష్మజీవి నివసించును. దానిలో పెక్కు రకములు ఏ కీడును చేయవు. ఈ రోగుల ప్రేగులలోని ఈ. కోలి కూడ ఆ నాలుగు మందులకు లొంగకుండుట శాస్త్రజ్ఞులు గమనించిరి. 1959లో ఒచియాయి, అకిబా అను జపాను శాస్త్రజ్ఞులు వేర్వేరుగా పరిశోధనలు జరిపిరి. మందులకు లొంగని ఈ. కోలిని, లొంగెడి షిగెల్లాను ఒకేచోట కలిపి పెంచగా, కొంతసేపటికి షిగెల్లాలలో కొన్ని నాలుగు మందులను ఎదుర్కొను శక్తిని పొందెను. ఆ శక్తి మార్పువలన పుట్టినది కాదు. ఒకదానినుండి మరియొకదానికి సంక్రమించినది.

ఈ శక్తిని మోయునదే ప్లాస్మిడ్. సూక్ష్మజీవి జీవితమునకు ముఖ్యమైన జన్యువులన్నియు పెద్దదగు ఒక డి.ఎన్.ఎ. పోగునందు ఉండును. అదిగాక, అనేక సూక్ష్మజీవులలో కంకణమువలె గుండ్రనైన చిన్న డి.ఎన్.ఎ. తునుకలును కలవు. వీనికి ప్లాస్మిడ్ అను పేరును 1952లో జాషువా లెడర్‌బెర్గ్ పెట్టెను. ప్లాస్మిడ్ గల జీవి సన్నని తంతువును చాచి, ప్రక్కనున్న జీవిని చేరదీయును. రెండును దగ్గరయైన పిమ్మట, ప్లాస్మిడ్‌లోని రెండు పేటలలో ఒకటి రెండవ జీవిలోనికి జారును. పిదప రెండు జీవులును తమ యొద్ద నున్న పేటకు జతపేటను తయారు చేసికొనును. కావున ఇచ్చినదానికి లోటు లేదు, పుచ్చుకొన్నదానికి లాభము కలదు. ఒక దీపముతో మరియొక దీపమును వెలిగించిన మొదటి దీపమునకు వెలుగు తగ్గునా?

ఒకే ప్లాస్మిడ్ మీద పలు జన్యువులు వరుసగా ఉండవచ్చును. ఒక జన్యువువలన టెట్రాసైక్లిన్‌ను బయటికి తోడివేయు యంత్రాంగము ఏర్పడును. మరియొకదానివలన క్లోరాంఫెనికాల్‌ను నిర్వీర్యము చేయు పదార్థము పుట్టును. జపానులోని వింతకు కారణమిదియే.

రోగమును కలిగించు శక్తియు ప్లాస్మిడ్లలో ఉండవచ్చును. పశువులకును, మనుష్యులకును ప్రాణాంతకమగు దొమ్మవ్యాధి సూక్ష్మజీవికి రెండు ప్లాస్మిడ్లు కలవు. విషమును పుట్టించు జన్యువులు ఒకదానియందును, శరీర రక్షకకణములనుండి కాపాడు కవచమును నిర్మించు జన్యువులు రెండవదానియందును ఉన్నవి. ఈ రెంటిలో ఏది లోపించినను ఆ జీవి బలము మిక్కిలి తగ్గును.

అయినను ప్లాస్మిడ్ కేవలము కీడు చేయునది కాదు. 1973లో కోహెన్, బోయర్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ప్లాస్మిడ్‌లో అన్యజన్యువును అతికించి ఈ. కోలిలో ప్రవేశపెట్టిరి. ఈ మార్గముననే ఈ. కోలి మానవ ఇన్సులిన్‌ను తయారు చేయగలిగెను. 1982నుండి ఆ ఇన్సులిన్ మధుమేహ రోగులకు లభించుచున్నది.

అయితే జపానులో బయలుపడిన అపాయము నేటికిని తీరలేదు. ఇతర మందులు విఫలమైనపుడు వాడుటకు వైద్యులు దాచుకొన్న కొలిస్టిన్‌ను సైతము ఎదుర్కొను జన్యువు ఒకటి ప్లాస్మిడ్‌పై నున్నట్లు 2015లో చైనా శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. మందును వాడినపుడెల్ల లొంగెడి జీవులు చచ్చును. లొంగనివి మిగిలి వృద్ధియగును. కావున సూక్ష్మజీవులను చంపు మందులను వైద్యుడు చెప్పినపుడే, చెప్పిన మోతాదులో, చెప్పినన్ని దినములు వాడవలెను. వైరస్‌వలన కలుగు జలుబునకు వానిని మ్రింగుట వ్యర్థము. భోజనమునకు ముందు చేతులు కడుగుకొని, శుభ్రమైన నీరు త్రాగువారికి ఆ మందుల యవసరమే తగ్గును. ఒకరు అజాగ్రత్తగా వాడిన మందు ఊరిలో వేరొకరికి అక్కఱకు రాకపోవచ్చును. ఔషధము అందరి సొత్తు. దానిని కాపాడుట అందరి విధి.