పిచ్చుకగూళ్లు కట్టే ఇసుకలో ఏముంది?



దక్షిణ కాలిఫోర్నియాలో ఉంటున్న మనకు బీచ్ ఇంటి పెరడు లాంటిది. వేసవిలో పిల్లలతో పిక్నిక్‌లకు వెళ్తాం, కార్తీక పౌర్ణమికీ మాఘ పౌర్ణమికీ సముద్ర స్నానం చేస్తాం. మంగినపూడిలోనో సూర్యలంకలోనో మునకలు వేసిన పెద్దలు ఇక్కడికి వచ్చినప్పుడు, సముద్రం ఎక్కడైనా ఒకటే కదా అంటారు. పుణ్యం మాటెలా ఉన్నా, నీటి శుభ్రత మాత్రం బీచ్‌కో తీరుగా, రోజుకో తీరుగా ఉంటుంది. ఇంట్లో పసిపిల్లలు, పెద్దవాళ్లు ఉన్నవారి కోసం ఈ సంచికలో ఆ సంగతులు చెప్పుకుందాం.

నీటిని ఎలా పరీక్షిస్తారు?

మురుగునీటిలో ఉండే రోగకారక వైరస్‌లు, బ్యాక్టీరియా ఎన్నో రకాలు. వాటన్నిటినీ విడివిడిగా వెతకడం కష్టం, ఖర్చు కూడా. అందుకని మనుషుల పేగుల్లో, జంతువుల పేగుల్లో ఉండే ఎంటెరోకాకస్ అనే బ్యాక్టీరియాను లెక్కపెడతారు. మనకు జబ్బు తెచ్చేది సాధారణంగా అది కాదు. కానీ అది కనిపించిందంటే నీటిలో మలం కలిసిందని అనుమానించాలి. నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా, ఇది ఆ పొగ లాంటిది. కాలిఫోర్నియా బీచ్ నిబంధనల ప్రకారం ఒక నమూనాలో 100 మిల్లీలీటర్ల నీటికి 104 దాటితే పరిమితి మించినట్టు.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. మొదటిది, మామూలు పద్ధతిలో బ్యాక్టీరియాను పెంచి లెక్కించడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. అంటే బోర్డు మీద ఈరోజు కనిపించేది నిన్నటి నీటి సంగతి. మాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే, క్యాష్‌లో ఉండిపోయిన పాత పేజీ. శాన్ డియేగో కౌంటీ 2022 నుంచి అదే రోజు ఫలితం తెలిసే డీఎన్ఏ పరీక్షను వాడుతోంది కానీ, అన్నిచోట్లా ఆ సౌకర్యం లేదు.

రెండో చిక్కు మన పండుగలకు సంబంధించింది. రద్దీ బీచ్‌లలో వారం వారం పరీక్ష చేయాలని రాష్ట్ర చట్టం చెప్పేది ఏప్రిల్ 1 నుంచి అక్టోబర్ 31 వరకే. కొన్ని కౌంటీలు ఏడాది పొడవునా పరీక్షిస్తాయి గానీ చట్టం పట్టుబట్టేది ఆ ఏడు నెలలకే. కార్తీక పౌర్ణమి తరచు నవంబర్‌లో వస్తుంది, మాఘ పౌర్ణమి చలికాలంలో. ఇక్కడ వానలు పడేదీ అప్పుడే.

వాన పడితే ఏమవుతుంది?

లాస్ ఏంజిలిస్‌లో మురుగు కాలువలు వేరు, వాననీటి కాలువలు వేరు. వాననీరు వీధుల్లోని చెత్తను, కుక్కల మలాన్ని, నూనె మరకలను కడిగి, ఏ శుద్ధీ లేకుండా సముద్రంలో కలుపుతుంది. 1995లో శాంటా మోనికా బే తీరంలో 10 వేల మందికి పైగా ఈతగాళ్లపై పరిశోధన చేశారు. కాలువ ముఖం దగ్గర ఈదినవారిలో జ్వరం, వాంతులు, చెవి కారడం వంటివి దూరంగా ఈదినవారి కంటే ఎక్కువగా కనిపించాయి. వాన పడ్డాక 72 గంటలు నీళ్లలోకి దిగవద్దని ఆరోగ్య శాఖలు చెప్పడం ఇందుకే.

మరి ఇసుక?

నీటిలోని బ్యాక్టీరియాను ఎండ చాలావరకు చంపుతుంది. ఇసుకలో అడుగుకు వెలుగు చేరదు, తడి ఆరదు, కొట్టుకొచ్చిన నాచు కుళ్లి ఆహారమవుతుంది. అందుకే అక్కడ అవి ఎక్కువ కాలం బతుకుతాయి, అలలతో తిరిగి నీటిలోకీ చేరతాయి. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కాలిఫోర్నియాలో 55 బీచ్‌ల ఇసుక పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. 91 శాతం బీచ్‌లలో ఎంటెరోకాకస్ కనిపించింది.

కంగారు పడనక్కర్లేదు. నిప్పు ఆరిపోయాక కూడా ఇసుకలో పొగ నిలిచి ఉండవచ్చు. కానీ పూర్తిగా కొట్టిపారేయడానికీ లేదు. అమెరికాలో 7 బీచ్‌లకు వచ్చిన 27 వేల మందికి పైగా సందర్శకులను ప్రశ్నించి చేసిన అధ్యయనం 2009లో వచ్చింది. ఇసుక తవ్వినవారిలో కడుపు జబ్బులు, తవ్వనివారి కంటే సుమారు 13 శాతం ఎక్కువ. ఒంటిని ఇసుకలో కప్పుకుని ఆడినవారిలో సుమారు 23 శాతం ఎక్కువ. అయినా అమెరికాలో ఇసుకకు జాతీయ ప్రమాణం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో గ్రాము ఇసుకకు 60 అని తాత్కాలిక పరిమితి సూచించింది. కాబట్టి బీచ్ బోర్డు పచ్చగా ఉన్నా, అది ఇసుక గురించి ఏమీ చెప్పడం లేదని గుర్తుంచుకోవాలి.

ఇంకో మాట. అలలు లేవు, పిల్లలకు భద్రం అని మనం ఎంచుకునే మూసుకున్న తీరాల్లో నీరు కదలదు, మురికి త్వరగా పోదు. మెరీనా డెల్ రేలోని మదర్స్ బీచ్ అలాంటిదే.

మనం పాటించదగినవి

• బయల్దేరే ముందు కౌంటీ ఆరోగ్య శాఖ హెచ్చరికలు, హీల్ ద బే సంస్థ ఇచ్చే బీచ్ రిపోర్ట్ కార్డ్ గ్రేడు చూడండి.
• వాన పడిందా, పడి ఎన్ని గంటలైందో లెక్కేయండి. 72 గంటలు కాకపోతే మునకలు వద్దు. పర్వదినం ఆ గడువులోనే పడితే ఇంట్లో స్నానం చేసి, తీరాన నిలబడి నమస్కరించుకునే వీలు గురించి మన అర్చకులను అడగండి.
• కాలువ నీరు సముద్రంలో కలిసే చోటికి కనీసం 100 గజాల దూరంలో ఉండండి. ఆ నీటి మడుగులో పిల్లల్ని ఆడనివ్వకండి.
• మునిగేటప్పుడు నోరు మూసుకోమని పిల్లలకు నేర్పండి. ఒంటి మీద మానని గాయం ఉంటే నీళ్లకు దూరంగా ఉండండి.
• పులిహోర డబ్బా తెరిచే ముందు అందరూ సబ్బుతో చేతులు కడుక్కోండి. ఒక క్యాన్ మంచినీళ్లు, ఒక సబ్బు కారులో ఉంచుకుంటే చాలు.
• విరేచనాలవుతున్న పిల్లల్ని నీళ్లలోకి దించకండి. డైపర్లు, ప్రసాదం ఆకులు, మిగిలిన అన్నం తీరాన వదలకండి. ఆ అన్నం కోసం వచ్చే పక్షుల రెట్టలు కూడా ఇసుకలోనే చేరతాయి.

పిల్లలు పిచ్చుకగూళ్లు కట్టుకోవాలి, పెద్దలు మునకలు వేయాలి. ముందు ఫోన్‌లో రెండు నిమిషాలు చూసుకుని, తర్వాత చేతులు కడుక్కుంటే ఆ సరదాలేవీ మానుకోనక్కర్లేదు. ఫోన్‌లో చూడటం అలవాటు లేని పెద్దలకు మా వాలంటీర్ల బల్ల దగ్గర ఆదివారాల్లో చూపిస్తాం, తప్పక రండి.